కొద్దిపాటి అనారోగ్యంతో

లైబ్రరీలో అందరూ ఆమెని జిగురక్క అనేవాళ్ళు. ఆ పేరు ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు గానీ, ఇరవై నాలుగేళ్ళుగా ఆమె ఆ పేరుకే పలుకుతోంది. మెట్ల కింద ఉన్న బైండింగ్ గది ఆమె రాజ్యం. పొడవాటి బల్ల, చక్రం తిప్పితే కిందికి దిగే ఇనప ప్రెస్సు, కాగితాల అంచులు కోసే మిషను, మూలన స్టవ్వు మీద మైదా జిగురు ఉడికే గిన్నె. పురుగు పట్టకుండా ఆ జిగురులో చిటికెడు మైలుతుత్తం కలిపేది. ఎంత తోముకున్నా గోళ్ళ చుట్టూ ఆ జిగురు తెల్లగా ఎండిపోయి ఉండేది. ఒకసారి బస్సులో పక్క సీటామె, చర్మానికేదైనా జబ్బా అమ్మా అని జాలిగా అడిగితే, కాదండీ, పుస్తకాల జబ్బు నాకంటుకుంది అని చెప్పి దిగిపోయింది.

తండ్రి పోయేనాటికి ఆమెకి పద్నాలుగేళ్ళు, తమ్ముడికి ఆరు. తల్లి యూనిఫాంలు కుట్టే షెడ్డులో పనికి కుదిరితే, తమ్ముడి ముక్కు తుడవడం దగ్గర్నుంచి లెక్కలు చెప్పడం దాకా అన్నీ ఈమె మీదే పడ్డాయి. తర్వాత పెళ్ళయింది, నాలుగేళ్ళు కాపురం చేసింది, పొసగక తిరిగొచ్చేసింది. పిల్లల్లేరు. తల్లి కూడా పోయాక తమ్ముడి కుటుంబంతోనే మూడు గదుల ఇంట్లో ఉంటోంది. తమ్ముడు గోడలకి రంగులు వేసే మేస్త్రి. ఐదంతస్తుల మీంచి తాళ్ళతో వేలాడే బల్ల మీద నిలబడి, కింద నడిచేవాళ్ళ బట్టతలలు లెక్కపెడతానని కూతురికి చెప్పి నవ్వించే రకం. అతని భార్య స్టేషనరీ షాపులో పని చేస్తుంది. కూతురికి ఎనిమిదేళ్ళు.

ఒకరోజు పనిలో తమ్ముడు నిచ్చెన రెండో మెట్టు మీద నుంచి పడిపోయాడు. ఎత్తు లేదు కాబట్టి దెబ్బ తగల్లేదు. కానీ ఒక నిమిషం పాటు ఈ లోకంలో లేడని, పిలిస్తే పలకలేదని తోటి పనివాడు చెప్పాడు. లేచి కూర్చోగానే మాత్రం, టీ తెచ్చారా అని అడిగాడట. మరదలు ఆ మాట విని ఊరుకునే మనిషి కాదు. మర్నాడు పొద్దున్నే భర్తని రెక్క పట్టుకుని వీధి చివరి క్లినిక్కుకి తీసుకుపోయింది. జిగురక్క కూడా వెంట వెళ్ళింది.

డాక్టరు అతని ఛాతీ మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. నిలబడమన్నాడు, గొంతుక్కూర్చోమన్నాడు, మళ్ళీ విన్నాడు. తర్వాత మీ నాన్నగారెలా పోయారు, తాతగారెలా పోయారు అని మొదలుపెట్టాడు.

"మాకు తాతలు లేరండీ. మా వంశం డైరెక్టుగా నాన్నతోనే మొదలు," అన్నాడు తమ్ముడు.

డాక్టరు నవ్వలేదు. నాన్నకి అప్పుడెన్నేళ్ళని అడిగాడు. నలభై ఒకటని జిగురక్క చెప్పింది. డాక్టరు కుర్చీ ఆమె వైపు తిప్పుకున్నాడు. ఆమె తనకి తెలిసినంత చెప్పింది. నాన్న ప్రెస్సులో అచ్చు అక్షరాలు కూర్చేవాడు. ఒకరోజు అక్షరాల పెట్టె ఎత్తుకుని మెట్లెక్కుతూ పడిపోయాడు. సీసం అక్షరాలన్నీ మెట్ల మీద చెల్లాచెదురయ్యాయి. వాటిని ఏరిన తర్వాత గానీ ఆయన లేవడం లేదని ఎవరూ గమనించలేదు. వేళకి తినడు, ఒంట్లో సత్తువ లేదు, అందుకే పోయాడని అమ్మ చెప్పేది. అదే నిజమని వీళ్ళూ నమ్మారు.

డాక్టరు పెద్దాసుపత్రిలో గుండె స్కానింగుకి చీటీ రాసిచ్చి, "మీ నాన్నగారి వైపు ఎవరెవరు ఏ వయసులో, ఎలా పోయారో కనుక్కోండమ్మా. స్కానింగు ఎంత ముఖ్యమో అదీ అంతే ముఖ్యం," అన్నాడు.

తమ్ముడు ఆ చీటీని అద్దం వెనక దోపాడు. పొద్దున టిఫిన్ మానేసి పనికెళ్తే ఎవడికైనా కళ్ళు తిరుగుతాయని తేల్చేసి, ఆ మధ్యాహ్నమే పనికి వెళ్ళిపోయాడు. జిగురక్కకి మాత్రం ఆ రోజు అన్నం సహించలేదు. నలభై ఒకటి అన్న మాట తన నోటితో చెప్పినప్పుడే, తమ్ముడికి ముప్ఫై ఎనిమిది నిండాయని గుర్తొచ్చింది.

కనుక్కోండి అంటే ఎవర్ని అడగాలి? నాన్న ఇంట్లోవాళ్ళ మాటకి ఎదురెళ్ళి అమ్మని చేసుకున్నాడు. అంతటితో తెగిపోయింది. వాళ్ళెవరని పిల్లలు అడిగితే, "వాళ్ళకి మనం లేం, మనకి వాళ్ళు లేరు" అని తల్లి మాట తుంచేసేది. నాన్న తరఫు నుంచి వీళ్ళకి దక్కింది ఇంటిపేరు ఒక్కటే. అది ఎంత అరుదైనదంటే, బళ్ళో హాజరుపట్టీలో ప్రతి ఏడూ తప్పుగానే రాసేవాళ్ళు.

ఆ ఇంటిపేరే ఆమెకి దారి చూపించింది. లైబ్రరీలో అరవై డెబ్భై ఏళ్ళ దినపత్రికలు నెలకొక సంపుటం చొప్పున అట్టలు కట్టి ఉన్నాయి. కుట్లు ఊడినవి, చెదలు కొరికినవి బాగుచెయ్యడానికి ఆమె దగ్గరికే వస్తాయి. ఇన్నేళ్ళలో ఎన్ని వందల సంపుటాలు కుట్టిందో, ఒక్కదాన్నీ చదివిన పాపాన పోలేదు. పని నేర్పిన ముసలాయన మొదటిరోజే చెప్పాడు, చదవడం మొదలుపెడితే ఏదో ఒకరోజు మిషను కింద వేలు పెడతావని. పత్రికల విభాగం చూసే మనిషిని దుమ్ము మాస్టారు అంటారు. ఎండాకాలమైనా వానాకాలమైనా ముక్కుకి రుమాలు కట్టుకునే తిరుగుతాడు. నాన్న చనిపోయిన నెల సంపుటానికి వీపు అట్ట ఊడిపోయింది, ముందు అది పంపండని జిగురక్క ఆయన్ని అడిగింది. దాని వీపు నిక్షేపంగా ఉందని ఆయనకి తెలుసు. అయినా తనే మోసుకొచ్చి బల్ల మీద పెట్టి వెళ్ళాడు.

పోయినవాళ్ళ పేజీ అప్పట్లో ఆరో పేజీ. నాన్న పోయిన రోజు ఏమీ లేదు, మర్నాడూ లేదు. తల్లికి అప్పుడు ప్రకటన ఇచ్చే తెలివి ఎక్కడుంది? అయినా ఒక్కో పేజీ తిప్పుతూ పోయింది. తొమ్మిదో రోజు పేపర్లో, అడుగున ఒక మూల, బొటనవేలంత ముక్క కనిపించింది. ఫోటో లేదు. మొదటి మాటే వాళ్ళ ఇంటిపేరు. అచ్చు పనిచేసే మా తమ్ముడు నలభై ఒకటో ఏట కొద్దిపాటి అనారోగ్యంతో మరణించినట్టు ఆలస్యంగా తెలిసింది. కడసారి చూపు దక్కని అక్క. కింద ఇంటి నంబరు, వీధి.

జిగురక్క కుర్చీలో చతికిలబడింది. నాన్నకి ఒక అక్క ఉందన్నమాట. అంత పెద్ద సంగతి తెలిసి కూడా, ఆమె కళ్ళు మాత్రం పక్క మాట మీద ఆగిపోయాయి. అనారోగ్యమా? ఆ పొద్దున్న నాన్న తమ్ముణ్ణి భుజాల మీదెక్కించుకుని బడి దాకా పరిగెత్తాడు. జలుబు కూడా లేదు. చూడటానికే రాని మనిషికి, లేని జబ్బు సంగతి ఎలా తెలిసింది?

ఇక అక్కణ్ణుంచి ఆమెకి వేరే ధ్యాస లేదు. భోజనం డబ్బా ఒక చేత్తో, పేజీలు ఒక చేత్తో. ఒక సంపుటం తర్వాత ఇంకొకటి, ముందుకి కొన్ని, వెనక్కి కొన్ని. దుమ్ము మాస్టారు అడిగినవన్నీ తెచ్చిపెట్టాడు. అంతమంది చావులు చదువుతుంటే మొదట్లో ఒక్కో మొహం దగ్గరా ఆగిపోయేది. పసిపిల్లల ఫోటోలు, కొత్తగా పెళ్ళయినవాళ్ళ ఫోటోలు, నవ్వుతూ దిగిన ఫోటోలే అన్నీ. కొన్నాళ్ళకి కంటికి అలవాటైపోయింది. బియ్యంలో రాయి తగిలినట్టు ఆ ఇంటిపేరు ఒక్కటే తగిలేది. తగిలినప్పుడల్లా, పేపర్ల అంచులు కోయగా మిగిలిన సన్నటి కాగితం పేలిక మీద వయసూ తేదీ రాసి సొరుగులో వేసేది.

ఆరు వారాల్లో సొరుగులో ఐదు పేలికలు చేరాయి. నాన్న తర్వాత మూడేళ్ళకి నాన్న తమ్ముడు, అంటే తమకి బాబాయి, ముప్ఫై తొమ్మిదేళ్ళు. నాన్న కంటే ఏడాది ముందు ఒక అమ్మాయి, ఇరవై రెండేళ్ళు. ప్రకటన ఇచ్చిన తల్లి, పుట్టింటి పేరే రాసుకున్న ఆ అక్కే, కింద అదే ఇంటి నంబరు. బాగా వెనక్కి వెళ్తే తాతయ్య, బస్సు డ్రైవరు, నలభై నాలుగు. ఆయన తమ్ముడు, నలభై. నాన్నతో కలిపితే ఐదుగురు. ప్రతి ప్రకటనలోనూ అదే మాట, అక్షరం పొల్లు పోకుండా: కొద్దిపాటి అనారోగ్యంతో.

ఆ మాట పట్టుకునే ఆమె మిగతా పేజీలు కూడా చూసింది. తాతయ్య ప్రకటన పడిన రోజే మూడో పేజీలో చిన్న వార్త ఉంది. మలుపు తిప్పుతుండగా సిటీ బస్సు డ్రైవరు స్టీరింగు మీదకి ఒరిగిపోయాడు, బస్సు గోడని గుద్దుకుని ఆగింది, ప్రయాణికులకి ఏమీ కాలేదు, డ్రైవరు అక్కడికక్కడే మరణించాడు. అదే ఇంటిపేరు. ఆ అమ్మాయి పోయిన మర్నాటి ఆటల పేజీలో, కాలేజీ ఈత పోటీల్లో ఒక విద్యార్థిని నీళ్ళలోనే ప్రాణం విడిచిందని రాశారు. ముందు వరసలో ఈదుతున్న పిల్ల, చివరి మలుపు దగ్గర కదలిక ఆగిపోయిందట.

ఆ సాయంత్రం జిగురక్క ఐదు పేలికలూ తమ్ముడి ముందు వరసగా పరిచింది. అతను ఒక్కొక్కటే చదివాడు. మొహంలో రంగు మారింది గానీ, గొంతులో బింకం పోలేదు.

"చచ్చినవాళ్ళ పేజీలో నా ఆయుష్షు వెతుకుతున్నావా అక్కా? జబ్బు చేసి పోయారనే కదా రాసుంది. ఎవరో ఒక బస్సు డ్రైవరు, ఎవరో ఒక ఈతపిల్ల. మనవాళ్ళేనని ఎవరు చెప్పారు?"

ఇంటిపేరు చూపించింది. ఆ పేరున్నవాళ్ళు ఇంకో వందమంది ఉండొచ్చన్నాడు. మరదలు లేచి వెళ్ళింది. అద్దం వెనక చీటీ తీసి తన సంచిలో పెట్టుకుంది. అతను అదీ చూశాడు. ముందు ఇదంతా నిజమో కాదో తేల్చుకు రా, తర్వాత నా గుండె సంగతి చూద్దువుగాని అని చెప్పులేసుకుని బయటికెళ్ళిపోయాడు.

తేల్చుకోడానికి మిగిలింది ఆ అక్క ఒక్కతే. ముప్ఫై రెండేళ్ళ కిందటి అడ్రసు. ఉంటుందన్న నమ్మకం లేకుండానే సెలవు పెట్టి వెళ్ళింది జిగురక్క. వీధి ఉంది. ఇంటి నంబరు ఉంది. కింద కళ్ళజోళ్ళ షాపు, పక్కనే సన్నటి మెట్లు. పైన తలుపు తీసిన మనిషికి డెబ్భై ఎనిమిదేళ్ళుంటాయి. నిటారుగా ఉంది. ఎవరు కావాలని అడగబోయి ఆగిపోయింది. ఎదుటి మనిషి చెవుల వైపు చూసింది.

"నువ్వు చిన్నవాడి కూతురివా?"

నాన్న అందరికంటే చిన్నవాడేమీ కాదు, నడిపివాడు. కానీ అక్కకి చిన్నవాడే. జిగురక్క తలూపింది. అత్తయ్య దారి ఇచ్చింది. గదిలో ఒక మంచం, రెండు కుర్చీలు, గుడ్డ కప్పిన కుట్టుమిషను. గోడ నిండా ఫోటోలు. పేపర్లో బొటనవేలంత చూసిన మొహాలన్నీ అక్కడ నిలువెత్తున ఉన్నాయి. నాన్న ఫోటో కూడా ఉంది, పదహారేళ్ళప్పటిది. అమ్మ దగ్గర కూడా లేని ఫోటో.

అత్తయ్య మంచినీళ్ళిచ్చి, అమ్మ ఎలా ఉందని అడిగింది. పోయిందని తెలిసి నాన్న ఫోటో మీది దుమ్ము కొంగుతో తుడిచింది. వచ్చే కోడలు ఎలాంటిదో చూడకుండానే తమ నాన్న పోయిన ఇంట్లో పరువు, పట్టింపు అంటూ పెదతండ్రులు తలుపులు వేసేశారని, తను ఎదురు చెప్పలేకపోయానని చెప్పుకుపోయింది. జిగురక్క అన్నీ విని, తన సంచిలోంచి ఐదు పేలికలూ తీసి ఆమె ఒళ్ళో పెట్టింది. తమ్ముడు పడిపోయిన సంగతి చెప్పింది. డాక్టరు మాట చెప్పింది.

"ఇవన్నీ నువ్వే రాయించావా అత్తయ్యా?"

"నేనే."

"అనారోగ్యమని ఎందుకు రాయించావు?"

అత్తయ్య తాతయ్య పేలిక వేళ్ళ మధ్య తిప్పుతూ చెప్పింది. బస్సు గోడకి గుద్దుకోగానే, తాగి నడిపాడని ఊరంతా అన్నారు. చుక్క ముట్టని మనిషి ఆయన. ఇంట్లో చదువొచ్చింది తనకే. పదిహేడేళ్ళ పిల్ల పేపరాఫీసుకి వెళ్ళి కౌంటరు ముందు నిలబడితే, లోపలున్నాయన ఫారం నింపుతూ ఎలా పోయారమ్మా అని అడిగాడు. నోట మాట రాలేదు.

"ఆయనే అన్నాడు, కొద్దిపాటి అనారోగ్యం అని రాసుకుంటానమ్మా, ఇంకెవరూ ఏమీ అడగరు అని. నిజంగానే ఎవరూ అడగలేదు. తర్వాత మా బాబాయి, నాన్న తమ్ముడు. అప్పుడూ అదే రాయించాను. అందరూ ఇలా నిలబడ్డచోటే కూలిపోతున్నారని బయటికి తెలిస్తే, మిగిలినవాళ్ళకి ఎవరు పిల్లనిస్తారు, ఎవరు పని ఇస్తారు? ఇంక ఆ మాట వదల్లేకపోయాను."

"నీ కూతురికి కూడానా?"

అత్తయ్య కూతురి పేలిక మీద అరచెయ్యి ఆనించింది. "మునిగిపోయిందన్నారు. నాలుగేళ్ళప్పట్నుంచీ నీళ్ళలో ఉన్న పిల్ల. అది మునగదు. నాకా రోజే తెలిసిపోయింది, మా నాన్నకొచ్చిందే దీనికీ వచ్చిందని. తెలిసి ఏం చెయ్యను? ఎవరికి చెప్పను?"

మీ బాబాయికి చెప్పాల్సింది అని తనే మళ్ళీ అంది. చెప్పి ఉంటే అతను డాక్టరు దగ్గరికి వెళ్ళేవాడేమో. అప్పట్లో డాక్టర్లకి మాత్రం ఏం తెలుసని తనకి తనే సర్దిచెప్పుకుంది. జిగురక్కకి ఆమె మీద కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ అంత వయసు మనిషి ఒళ్ళో ఆ కాగితం ముక్కల్ని తేదీల వరసలో సర్దుకుంటుంటే ఆ కోపం మాటల్లోకి రాలేదు.

లేవబోతూ గోడ మీద ఒక ఫోటో చూసింది. మెడలో ఈల, ఒంటి మీద ఆటల బట్టలు, పాతికేళ్ళవాడు. మిగతా ఫోటోల్లా పాతది కాదు. ఎవరని అడిగింది. బాబాయి కొడుకు. తండ్రి పోయేనాటికి నాలుగేళ్ళు. తల్లి మళ్ళీ పెళ్ళి చేసుకుంటే పిల్లాణ్ణి తానే పెంచానంది అత్తయ్య. ఇప్పుడు ముప్ఫై మూడు. ఈ వీధి చివరి బళ్ళో ఆటల మాస్టారు.

"అతనికి చెప్పావా?"

అత్తయ్య ఆమె చెయ్యి పట్టుకుంది. పెళ్ళి కుదిరింది, మూడు నెలల్లో ముహూర్తమంది. పెళ్ళయ్యాక చెబుదువుగాని, అప్పటిదాకా నోరు మెదపకు, నాకు మిగిలింది వాడొక్కడే అని బతిమాలింది. ఆ వచ్చే అమ్మాయి సంగతేమిటని జిగురక్క అడిగితే చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంది. జిగురక్క సరేననలేదు, కాదనలేదు. చెయ్యి విడిపించుకుని, పేలికలు తీసుకుని మెట్లు దిగింది.

ఇంటికొచ్చి విన్నదంతా చెప్పింది. తమ్ముడు ఈసారి వాదించలేదు, అలాగని ఒప్పుకోనూ లేదు. మర్నాడు పనిలో అతను బల్ల మీద నిలబడి కిందికి చూస్తే, భార్యా కూతురూ బిల్డింగు కింద నిలబడి ఉన్నారు. షాపుకి సెలవు పెట్టానని, నువ్వు ఆసుపత్రికొచ్చేదాకా రోజూ ఇక్కడే నిలబడతామని ఆమె పైకి వినబడేలా చెప్పింది. పనివాళ్ళంతా పని ఆపి వినోదం చూశారు. అతను దిగొచ్చాడు.

స్కానింగులో తేలిపోయింది. గుండె కండరం ఉండాల్సిన దానికంటే మందంగా ఉందన్నారు. వంశంలో దిగే జబ్బు, కొట్టుకుంటూ కొట్టుకుంటూ ఒక్కసారిగా గతి తప్పుతుందన్నారు. ఇంతకాలం ఆ ఎత్తుల మీద ఎలా పని చేశావయ్యా అని పెద్ద డాక్టరు తల పట్టుకుంది. గుండె గతి తప్పితే మళ్ళీ దారిలో పెట్టే చిన్న యంత్రం మెడ దిగువ ఎముక కింద చర్మంలో అమర్చారు. ఎత్తులెక్కొద్దు, బరువులెత్తొద్దు, పరిగెత్తొద్దు. రక్తసంబంధం ఉన్న ప్రతి ఒక్కరికీ పరీక్ష చేయించాలన్నారు. జిగురక్కకి చేశారు. ఆమె గుండె శుభ్రంగా ఉంది.

ఆ మాట విని ఆమె ఎలా మొహం పెట్టాలో తెలియక తమ్ముడి వైపు చూసింది. అతను కిటికీలోంచి బయటికి చూస్తూ, "పోనీలే, నీదైనా బాగుంది," అన్నాడు. మాట మంచిదే. అన్న తీరు ఆమెకి చాలా రోజులు గుచ్చుకుంది.

తమ్ముడి ఫలితం వచ్చిన రోజు నుంచి పదకొండు రోజులు ఆమె అత్తయ్య మాట మోస్తూ తిరిగింది. జిగురు మాడబెట్టింది. ఒక సంపుటం పేజీలు తలకిందులుగా కుట్టి, కుట్లన్నీ మళ్ళీ విప్పింది. బాబాయి కొడుకు రోజూ పరిగెడుతూనే ఉంటాడు కదా అన్న ఆలోచన వచ్చినప్పుడల్లా చేతిలో సూది ఆగిపోయేది. మూడు నెలలు ఆగితే పెళ్ళయిపోతుంది. ఆగకపోతే అత్తయ్య పెంచుకున్నదంతా తన చేతులతో కూల్చినట్టవుతుంది. ఎవరితోనైనా చెప్పుకుందామంటే తమ్ముడు మాట్లాడడం లేదు. దుమ్ము మాస్టారితో సగం చెప్పి ఆపేసింది. ఆయన రుమాలు కిందికి లాక్కుని, రేపు పొద్దున్నే వెళ్ళమ్మా, సెలవు నేను చెప్పుకుంటాను అన్నాడు. పన్నెండో రోజు ఆమె బయల్దేరింది.

బడి మైదానంలో అతను పిల్లలతో పాటు రౌండ్లు కొడుతున్నాడు. వెనకబడ్డవాళ్ళని అదిలిస్తూ, ముందున్నవాళ్ళని దాటేస్తూ. ఒక రౌండు అయ్యేదాకా ఆగుదామనుకుంది, ఆగలేకపోయింది. గీతల్లోకి నడిచి ఎదురుగా నిలబడింది. అతను ఎవరి తల్లో అనుకుని ఆగాడు. నేను మీ పెదనాన్న కూతుర్ని, నీకు అక్కనవుతాను అంది. అంతే, ఉపోద్ఘాతం లేకుండా ఉన్నదంతా చెప్పేసింది. ఈల చేతిలో పట్టుకుని చివరిదాకా విన్నాడతను.

"చిన్నప్పుడు అత్తయ్య నన్ను పరిగెత్తనిచ్చేది కాదక్కా," అన్నాడు. "మోకాళ్ళు పగులుతాయనేది. మిగతా పిల్లల మోకాళ్ళు పగలవా అనుకునేవాణ్ణి. ఆవిడ చూడకుండా పరిగెత్తడం నేర్చుకున్నాను."

అప్పుడప్పుడూ గుండె దడదడలాడి కళ్ళు చీకట్లు కమ్ముతుంటాయని, ఉద్యోగం పోతుందని ఎవరికీ చెప్పలేదని కూడా అన్నాడు. తర్వాత పిల్లల్ని క్లాసుల్లోకి పంపేశాడు. ఇద్దరూ మైదానం పక్క అరుగు మీద కూర్చున్నారు. మీ నాన్న ఎలా ఉండేవాడని అతను అడిగాడు. నవ్వితే చెవులు కదిలేవని ఆమె చెప్పింది.

అతనికీ ఆ జబ్బే తేలింది. పెళ్ళికూతురికి తనే వెళ్ళి చెప్పాడు. ఆ అమ్మాయి రెండుసార్లు ఫోన్ చేసి మందుల సంగతి, యంత్రం సంగతి అడిగింది. ఆ తర్వాత వాళ్ళ పెద్దవాళ్ళు వచ్చి మాట వెనక్కి తీసుకున్నారు. బళ్ళో అతన్ని మైదానంలోంచి తీసి ఆఫీసు గదిలో రిజిస్టర్ల ముందు కూర్చోబెట్టారు. జిగురక్క అత్తయ్య దగ్గరికి వెళ్తే తలుపు సగమే తెరుచుకుంది.

"వాడు బతికే ఉంటాడు, ఒప్పుకుంటాను. కానీ ఎలా ఉన్నాడో వెళ్ళి చూడు. ఈ గుమ్మం మళ్ళీ ఎక్కకు."

వెళ్ళి చూసింది కూడా. రిజిస్టరులో గీతలు గీస్తూ, కిటికీ బయట పిల్లల కేకలు వినబడినప్పుడల్లా తలెత్తుతున్నాడు. బాగానే ఉన్నానక్కా అన్నాడు. ఇంటికొస్తే తమ్ముడిదీ అదే వాలకం. బల్లలూ తాళ్ళూ పోయి, రంగుల షాపులో డబ్బాలు కలిపే పని దొరికింది. నలుగురు పనివాళ్ళని నవ్వించినవాడు, ఇంట్లో అడిగినదానికి ఊ, ఉహూ తప్ప మాట్లాడడం మానేశాడు. ఒకసారి మాత్రం కోపం ఆపుకోలేక, "నువ్వా పేపర్లు చదవకపోయుంటే ఇప్పుడు నేను ఆరో అంతస్తులో ఉండేవాణ్ణి," అన్నాడు. మరదలే వంటింట్లోంచి, "వదిన్ని ఏమన్నా అంటే ఊరుకోను," అంది.

రెండు గుండెలు నిలబెట్టాననుకుని ఆమె ఒక్కనాడూ తృప్తిపడలేదు. తమ్ముళ్ళిద్దరూ తనని వెలివేస్తే బాగుండు, లేదా మెచ్చుకుంటే బాగుండు. రెండూ కాని ఈ బతుకు ఆమెకి మింగుడుపడలేదు. పని మటుకు చేసుకుపోయింది. ఆ ఐదు పేలికలూ పెద్దాసుపత్రిలో తమ్ముడి ఫైలుకి కుట్టించింది. డాక్టర్లు ఇప్పటికీ వాటిని చూసి, ఇంత పక్కాగా ఎవరు రాశారని అడుగుతుంటారట.

అసలు భయం మేనకోడలి గురించి. ఈ జబ్బున్న తండ్రి నుంచి పిల్లలకి వచ్చే అవకాశం సగానికి సగమన్నారు. పాపకి పదో ఏడు రానివ్వండని డాక్టర్లు అనడంతో, ఏడాది తిరిగాక పరీక్షకి తీసుకెళ్ళారు. బాబాయి కొడుక్కి కూడా అదే రోజు యంత్రం చూపించుకునే రోజు పడింది. అన్నదమ్ములిద్దరూ మొదటిసారి ఆసుపత్రి వరండాలో కలిశారు. పలకరింపులయ్యాక ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చున్నారు. చివరికి తమ్ముడు చొక్కా కాలరు పక్కకి జరిపి, నాకిక్కడ పెట్టారు, నీకెక్కడ అని అడిగాడు. అతనూ చూపించాడు. నీది కొంచెం పైకుందే, నిద్రలో ఒత్తుకోదా అని వాకబు చేసుకున్నారు. కుక్కర్లు కొన్న ఇద్దరు ఆడవాళ్ళలా మాట్లాడుకుంటున్నారని మరదలు జిగురక్క చెవిలో అంటే, చాలా నెలల తర్వాత ఆమెకి నవ్వొచ్చింది.

పాపని లోపలికి పిలిచారు. నలభై నిమిషాలు పట్టింది. ఈ ఏడాదికి ఏమీ కనబడలేదన్నారు. ఎదిగే వయసులో ఎప్పుడైనా బయటపడొచ్చు, ఇరవై ఏళ్ళు దాటేదాకా ప్రతి ఏడాదీ రావాలన్నారు. మరదలు కళ్ళు తుడుచుకుంది. తమ్ముడు డాక్టరుకి దండం పెట్టి, అక్క వైపు చూడబోయి, చూపు పాప మీదకి తిప్పుకున్నాడు.

లిఫ్టు పనిచెయ్యడం లేదు. మగవాళ్ళిద్దరూ ఒక్కో అంతస్తు దగ్గర ఆగి ఊపిరి పీల్చుకుంటూ మెట్లు దిగారు. పాప మాత్రం ఆకలేస్తోందని రెండేసి మెట్లు దూకుతూ ముందుకి పరిగెత్తింది. నలుగురూ ఒకేసారి నోళ్ళు తెరిచారు. పరిగెత్తొచ్చని డాక్టరు చెప్పిన సంగతి గుర్తొచ్చి మరదలు తన నోరు తానే మూసుకుంది. వీళ్ళు కిందికి చేరేసరికి ఆ పిల్ల గేటు దగ్గర నిలబడి, ఎంతసేపమ్మా అని విసుక్కుంటోంది. జిగురక్కకి ఇంకా సగం పూట సెలవు మిగిలి ఉంది. వాళ్ళని బస్సెక్కించి, తమ్ముడు చూపు తప్పించే ఇంటికంటే తన బల్లే నయమనిపించి, ఆమె లైబ్రరీకే వెళ్ళింది.